మద్దెల నిజముగానే ఓడైనప్పుడు

"ఆడలేక మద్దెల ఓడు" అనునది తెలుగువారి సామెత. "నాచ్ న జానే, ఆంగన్ టేఢా" అనునది ఉర్దూవారి మాట. ఒకరు మద్దెలను తప్పుపట్టినారు, మరొకరు ముంగిలి వంకర అన్నారు. భాష వేరైనా భావమొక్కటే. చేతకానివాడు తన లోపమును వస్తువుమీదికి నెట్టుతాడు. ఈ రెండు సామెతలను తరగతిలో పక్కపక్కన పెట్టి చెప్పినప్పుడెల్లా విద్యార్థులు నవ్వుతారు, మేమును నవ్వుతాము. అయితే గత సంవత్సరము మన కళాశాల వైజ్ఞానిక ప్రదర్శన నాటినుండి ఒక సందేహము మమ్ము విడువకున్నది. మద్దెల నిజముగానే ఓడైతే ఏమి చేయవలెను? ఆ సంగతి ఆడువారికి చెప్పవలసినవారెవరు?

ప్రదర్శనకు ముందురోజు సాయంకాలము ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలకు ఏదో పనిమీద వెళ్ళినాము. బి.యస్.సి. రెండవ సంవత్సరము చదువుచున్న ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉన్నది. ఆమె చేయుచున్నది చిన్న యంత్రమే. ఇంటి కరెంటును 5 వోల్టుల స్థిరమైన విద్యుత్తుగా మార్చి ఇచ్చు బోర్డు. ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, రెండు కెపాసిటర్లు, 7805 అను రెగ్యులేటరు, ఇంతే. ప్రతి అతుకును నాలుగైదుసార్లు కాల్చినది. ఒకచోట టంకము కరగక ఉండచుట్టుకొని నిలిచినది. మరొకచోట వేడి ఎక్కువై బోర్డుమీది రాగిరేకు పైకి లేచిపోయినది. మమ్ము చూచి లేచి నిలబడి, "నా చేతిలో పనితనము లేదు సార్, ఈ సబ్జెక్టు నాకు రాదు" అన్నది. మేము ఆమె చేతిని చూడలేదు. బల్లమీద పొగలు కక్కుచున్న సోల్డరింగ్ ఐరనును చూచినాము. దాని మొన బొగ్గువలె నల్లబడి, గుంటలుపడి ఉన్నది. టంకపు తీగను ఆనించితే కరిగి జారిపోయినదే గాని మొనకు అంటలేదు.

వోల్టేజి ఎంత మారినను స్థిరముగా 5 వోల్టులే ఇచ్చు యంత్రమును ఆ అమ్మాయి నిర్మించుచున్నది. ఆమె చేతిలోని పనిముట్టుకు మాత్రము స్థిరత్వమన్న మాటే తెలియదు. ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరణ ఆ దృశ్యమే.

తెలుగు అధ్యాపకులకు టంకపు పనితో ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. మా మాతామహులు, మేము నానా అని పిలిచినవారు, పాత్రలకు కలాయి వేసి సంసారము నడపినవారు. మా బాల్యములో వేసవి సెలవులకు పోయినప్పుడు వారి కొలిమి పక్కన కూర్చుని తిత్తి ఊదినాము. పాత్రను బూడిదతో, ఇసుకతో తోమి, కొలిమిమీద కాచి, నవాసారపు పొడి చల్లేవారు. తెల్లని పొగ గుప్పుమని లేచేది. వెంటనే తగరపు కడ్డీని తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పితే పాత్ర లోపలిభాగమంతయు వెండివలె మెరిసేది. చింతపండు పులుసు రాగికి తగిలి చిలుము పట్టకుండుటకు ఆ పూత. స్టీలు, అల్యూమినియము పాత్రలు వచ్చి ఆ వృత్తి దాదాపు అంతరించినది గాని, అందులోని విద్య అంతరించలేదు. సోల్డరింగ్ అనునది ఆ విద్యకు తమ్ముడే. అక్కడ తగరము, ఇక్కడ తగరము, సీసము కలిసిన తీగ. అక్కడ నవాసారము, ఇక్కడ సరళవృక్షపు జిగురునుండి తీసిన రోజిన్. లోహముమీది మసిని పోగొట్టి కరిగిన లోహమునకు దారి ఇచ్చుట రెండింటి పనియు. వేడి చాలకపోతే తగరము పాకదు, మించితే మాడిపోవును. నానాగారికి ఉష్ణమాపకము లేదు. వారి కన్నే ఉష్ణమాపకము. ఆ కన్ను వారికి ముప్పది ఏండ్లకు వచ్చినది. మన విద్యార్థులకు వారమునకు రెండు గంటల ప్రయోగశాల మాత్రమే ఉన్నది.

ఇప్పుడు అసలు విషయమునకు వద్దాము. బజారులో మూడు నాలుగు వందల రూపాయలకు దొరకు మామూలు ఐరనుకు, సోల్డరింగ్ స్టేషన్ అనబడు పనిముట్టుకు భేదమేమి? మామూలు ఐరనులో ఒక తీగచుట్ట ఉన్నది, దానిని ప్లగ్గులో పెట్టగానే కాలుట మొదలుపెట్టును. ఎప్పుడు ఆగవలెనో దానికి తెలియదు. ఊరక ఉంచితే వేడి పెరిగి 400 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చును. పెద్ద రాగిభాగమునకు ఆనించితే ఒక్కసారిగా చల్లబడి మరల పుంజుకొనుటకు చాల సమయము తీసుకొనును. పైగా మన ఊళ్ళ కరెంటు సంగతి అందరికిని తెలిసినదే. శక్తి వోల్టేజి వర్గమును అనుసరించి మారును గనుక, 230 వోల్టులకు 25 వాట్లు ఇచ్చు ఐరను, వోల్టేజి 180కి పడినప్పుడు సుమారు 15 వాట్లే ఇచ్చును. అర్ధరాత్రి 250కి పెరిగితే 30 వాట్లకు దగ్గరగా తాగును. అనగా పగలు చేసిన అతుకు వేరు, రాత్రి చేసిన అతుకు వేరు. విద్యార్థి ఏది తన తప్పో, ఏది ఐరను తప్పో ఎట్లు తెలుసుకొనవలెను? తప్పు తెలియనిచోట దిద్దుబాటు లేదు. దిద్దుబాటు లేనిచోట చదువు లేదు.

స్టేషనులో మొన దగ్గర ఉష్ణోగ్రతను కనిపెట్టు చిన్న భాగము ఉండును. మనము 340 డిగ్రీలని నిర్ణయించితే, మొన చల్లబడగానే అది గ్రహించి శక్తిని పెంచును, వేడెక్కగానే తగ్గించును. దమ్‌కు పెట్టిన బిర్యానీ దగ్గర కూర్చుని నిప్పులు ఎగదోయుచు, లాగుచు ఉండు వంటమనిషి పని వంటిది అది. 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము కలిసిన టంకము 183 డిగ్రీలకు కరుగును. మొనను 320 నుండి 350 వరకు ఉంచితే రెండు మూడు క్షణములలో అతుకు చక్కగా పాకి మెరయును. ఇది స్థిరముగా ఉన్నప్పుడే విద్యార్థి చేయి, కన్ను, కాలము, ఈ మూడును కలిసి నేర్చుకొనును.

అయితే స్టేషనని పేరు పెట్టినవన్నియు మంచివి కావు. తొలి స్టేషనును ఎన్నుకొనుటలో మా అభిప్రాయములు ఇవి.

మొదటిది, వాట్లను చూచి భయపడరాదు, మోసపోరాదు. వాట్లు ఎక్కువైతే బోర్డు కాలునని చాలమంది అనుకొందురు. నియంత్రణ లేని ఐరను విషయములో అది నిజము. నియంత్రణ ఉన్న స్టేషనులో వాట్లనగా ఉష్ణోగ్రత కాదు, చల్లబడిన మొన తిరిగి పుంజుకొను సామర్థ్యము. 60, 70 వాట్ల మంచి స్టేషను 340 డిగ్రీలవద్ద 25 వాట్ల మామూలు ఐరనుకన్న బోర్డుకు క్షేమకరము. జపానుకు చెందిన హాకో సంస్థవారి ఎఫ్.ఎక్స్. 888 డి అను నమూనా తొలి స్టేషనుగా ప్రపంచమంతట పేరు పొందినది. అది 70 వాట్ల తరగతిది. దానినే కొనవలెనని మా వాదము కాదు. కొలబద్దగా ఏది పెట్టుకొనవలెనో తెలియుటకు చెప్పుచున్నాము.

రెండవది, వెలుగుచున్న అంకెలను చూచి మురిసిపోరాదు. అంకెలు కనబడుట వేరు, వేడి అదుపులో ఉండుట వేరు. వెల్లర్ సంస్థవారి పాత స్టేషన్లలో ఒక రకము ఉన్నది, దానిపై ఒక్క అంకెయు వెలుగదు. మొన వెనుక ఒక అయస్కాంత లక్షణము గల లోహపుముక్క ఉండును. నిర్ణీతమైన వేడికి రాగానే ఆ ముక్క అయస్కాంతగుణమును కోల్పోవును, స్విచ్ విడిపోవును. చల్లబడగానే గుణము తిరిగివచ్చి స్విచ్ అతుకుకొనును. 7 అంకె చెక్కిన మొన 700 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా సుమారు 370 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుచును. ఎంత నిరాడంబరమైన ఏర్పాటు! నేడు బజారులో అంకెలు వెలిగించుచు లోపల సరియైన గ్రాహకము లేని వస్తువులు కూడ కలవు. మన పరీక్షలలో మార్కులకును తెలివికిని ఉన్న సంబంధము వంటిదే ఇదియు.

మూడవది, మొనల లభ్యత. స్టేషను కొనుట పెండ్లివంటిది, మొనలు కొనుట సంసారము వంటిది. అరిగిన మొన రేపు కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, మన ఊరి రేడియో సామానుల అంగడిలోనో దొరకని స్టేషను ఎంత గొప్పదైనను రెండేండ్లకు బీరువాలోని అలంకారమగును. మొన ఆకారము కూడ ముఖ్యమే. సూదివంటి మొన సన్నని పనికి మంచిదని కొత్తవారు దానినే ఎన్నుకొందురు. సూదిమొన తాకు చోటు తక్కువ, కనుక వేడి పారదు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల ఉలివంటి మొన తొలిపాఠములకు సర్వవిధముల ఉత్తమము.

నాలుగవది, భూసంధానము, అనగా ఎర్తింగు. నేటి చిప్పులలోని పొరలు బహుసున్నితములు. మొనలోనికి ఏమాత్రము కరెంటు లీకైనను అవి లోలోపల దెబ్బతినును, బయటికి ఏమియు కనబడదు. మంచి స్టేషనులో మొనకు, ప్లగ్గులోని ఎర్తు కాలుకు మధ్య నిరోధము 2 ఓములకు లోపుగా ఉండును. కొనునప్పుడే ప్లగ్గును సాకెట్టునుండి తీసివైచి మల్టీమీటరుతో దీనిని చూడవచ్చును. పేరు పొందిన నమూనాలకు నకళ్ళు విరివిగా వచ్చినవి. కొన్నిటిలో మూడు కాళ్ళ ప్లగ్గు ఉండును, మూడవ కాలుకు లోపల తీగయే ఉండదు. సెల్‌ఫోను ఛార్జరుతో నడచు కలమువంటి కొత్త ఐరన్లును వచ్చినవి. వేడి నియంత్రణలో అవి మెచ్చదగినవే, ఇంటిలో చోటులేని విద్యార్థికి అనుకూలమైనవే. అయితే రెండు కాళ్ళ ఛార్జరుతో వాడినప్పుడు వాటికి ఎర్తు ఉండదన్న సంగతి మరువరాదు.

ఐదవది, స్టేషను ఎంత మంచిదైనను దానిని చూచుకొనుట తెలియవలెను. పూర్వపు రాగిమొనలను ఆకురాయితో అరగదీసి పదును చేసేవారు. నేటి మొన రాగిపై ఇనుపపూత వేసినది. ఆకురాయి పెట్టితే పూత పోయి కొద్దిరోజులలోనే మొన గుంటలు పడిపోవును. తడి స్పాంజీతోనో, ఇత్తడి పీచుతోనో తుడువవలెను. పని ముగియగానే మొనకు కొత్త టంకము పూసి అప్పుడు ఆపవలెను. దీనినే మేము మొనకు కలాయి వేయుట అందుము. ఆనాటి అమ్మాయి ఐరనుకు ఈ కలాయి ఏనాడును పడలేదు. తప్పు ఆ ఒక్క అమ్మాయిది ఎట్లగును? ఏండ్ల తరబడి దానిని పట్టిన అందరిదియు, పట్టించిన మాదియు.

ఇక ఒక ఆక్షేపణ. బజారులో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేయు పనివారు ఆ మూడువందల ఐరనుతోనే అద్భుతములు చేయుచున్నారు గదా, మన పిల్లలకేమి వచ్చినది అని కమిటీ పెద్దలలో ఒకరు మాతో అన్నారు. ఆ మాటలో సత్యము ఉన్నది. ఆ పనివారిని మేము మనసారా గౌరవిస్తాము. మా నానాగారు ఆ కోవకు చెందినవారే. అయితే నేర్చినవానికి ఏ పలకైనను చాలును, అక్షరాభ్యాసమునకు పగిలిన పలక పెట్టరాదు. ఆ పనివాడు ఆ ఐరను గుణదోషములను పదేండ్లుగా ఎరిగినవాడు, ఎప్పుడు ప్లగ్గు తీయవలెనో అతని చేతికి తెలియును. పైగా అతడు నేర్చుకొను కాలములో ఎన్ని బోర్డులు కాల్చినాడో, ఎన్ని చీవాట్లు తిన్నాడో మనము లెక్కించలేదు. నేర్చుకొనలేక మధ్యలో విడిచిపోయినవారు బజారులో మనకు కనబడరు గదా.

రెండవ ఆక్షేపణ ధనము. మంచి స్టేషను ఒకటి కొను డబ్బుకు మామూలు ఐరన్లు పదికి మించి వచ్చును, ఇది నిజము. రాబోవు సంవత్సరమునకు పాతిక ఐరన్లు కొనవలెనను ప్రతిపాదన ఉన్నదని విన్నాము. ప్రతి విద్యార్థి చేతిలో ఒక ఐరను ఉండవలెనను సదుద్దేశము అందులో కనబడుచున్నది. కాని చేతిలో ఐరను ఉండుట వేరు, చేతికి విద్య వచ్చుట వేరు. పాతిక ఐరన్లకు బదులు ఈ ఏడు రెండు స్టేషన్లు కొని, ఏటేట రెండు చొప్పున ఆరింటివరకు పెంచవచ్చును. ఇద్దరికి ఒకటి చొప్పున ఆరు స్టేషన్లు పన్నెండుమంది జట్టుకు సరిపోవును. ఒకరు అతుకు వేయుచుండగా మరొకరు భూతద్దముతో పరీక్షించుట కూడ విద్యయే. వాటితోపాటు అదనపు మొనలు, ఇత్తడి పీచు కొనవలెను. ప్రయోగశాల సాకెట్ల ఎర్తింగును ఏటికొకమారు పరీక్షింపజేయవలెను. ఎర్తు లేని గోడకు ఎంత మంచి స్టేషను తగిలించినను ప్రయోజనము లేదు.

ఆరోగ్యమును గూర్చి రెండు మాటలు. టంకపు పొగ చూచి సీసము ఆవిరియై ఊపిరితిత్తులలోనికి పోవునని కొందరు భయపడుదురు. ఈ వేడికి సీసము చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. ఆ పొగ ముఖ్యముగా రోజిన్‌ది. అదియు తక్కువదేమి కాదు, నిత్యము పీల్చువారికి ఉబ్బసము తెచ్చిన సందర్భములు వైద్యులు ఎరిగినవే. కనుక పొగను ముఖమునుండి పక్కకు లాగు ఫ్యాను ఉండవలెను. సీసము చేరునది చేతులనుండి నోటికి. టంకపు తీగ పట్టిన చేతితో సమోసా తినరాదు. ప్రయోగశాల వాకిట సబ్బు, నీళ్ళు పెట్టించుట ఖర్చులేని సంస్కరణ.

మరియొక సంగతి. ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుండి ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసపు వాడకమును కట్టడి చేసినది. మన దేశములోను 2012 మే 1న అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమావళిలో అట్టి కట్టడి చేరినది. కర్మాగారములు సీసములేని టంకమునకు మారినవి. తగరము, వెండి, రాగి కలిసిన ఆ టంకము 217 డిగ్రీల ప్రాంతమున కరుగ నారంభించును, సీసపు టంకమువలె సులభముగా పాకదు. నియంత్రణ లేని ఐరనుతో దానిని నేర్పుట దాదాపు అసాధ్యము. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1967లో వెలసిననాటినుండి ఎలక్ట్రానిక్స్ మనవారికి జీవనోపాధి మార్గమైనది. 2015లో శ్రీసిటీలో సెల్‌ఫోన్ల తయారీ మొదలైనది. మన విద్యార్థులు రేపు అట్టి ద్వారములవద్ద నిలబడవలసినవారు. వారిలో చాలమంది ఇండ్లలో ఇంతకుముందు కళాశాల గడప తొక్కినవారు లేరు. అక్కడ ఎవరో చేతికి మంచి స్టేషను ఇచ్చి అతుకు వేయుమన్నప్పుడు, అది తొలిసారి చూచుట కాకూడదు.

ఇంటిలో స్వయముగా కొనుక్కొనదలచిన విద్యార్థులకు మా సలహా ఇంతే. డబ్బు చాలకపోతే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనండి. అన్ని హంగులున్న చవుకదానికన్న హంగులు లేని నికార్సయినది మేలు. వేడిగాలి ఊదు యంత్రము కూడ అందులోనే ఉన్నదని ఆశపడి తొలినాడే దానికి పోకండి. ముందు ఒక పాత బోర్డుమీద నూరు అతుకులు వేసి, నూరును భూతద్దముతో చూడండి. అప్పుడు మీ తప్పు ఏదో మీకే కనబడును.

ప్రదర్శననాటి ఉదయము ఏమైనదో చెప్పి ముగిస్తాము. మేము ఇంటిలో వాడుకొను స్టేషనును ఆ అమ్మాయికి తెచ్చి ఇచ్చినాము. మొనకు కలాయి వేయుట ఒక్కసారి చూపినాము, అంతకుమించి ఏమియు నేర్పలేదు. రాగిరేకు లేచిపోయినచోట చిన్న తీగముక్కతో వంతెన కట్టినది. గంటన్నరలో కొత్త అతుకులన్నియు వేసినది. మల్టీమీటరు ముల్లు 5 వోల్టులవద్ద నిలిచినది. బహుమతి రాలేదు. సాయంకాలము స్టేషను తిరిగి ఇచ్చుచు, మొన తుడిచి, కొత్త టంకము పూసి ఇచ్చినది.

సామెతలు అబద్ధము చెప్పవు. ఆడలేనివాడు మద్దెలను తిట్టుట తప్పే. అయితే ఓటిమద్దెల చేతికిచ్చి, తాళము తప్పినదని పిల్లలను నిందించుట అంతకన్న పెద్ద తప్పు. మద్దెలను మార్చవలసిన బాధ్యత మన పెద్దలది. మార్చిన తరువాత ఆడవలసిన బాధ్యత, విద్యార్థులారా, మీది.